పరిగె గంపను పాటకు పెట్టిన ఏడాది

ఒకే గుమ్మడికాయను ఒకే పూట అరడజను ఇళ్లవాళ్లు కొని, చివరికి ఎవ్వరూ ఇంటికి తీసుకుపోకపోవడం మీరెక్కడైనా చూశారా? మా పల్లె కోత పండుగకు రండి, చూపిస్తాను.

రాచర్ల నుంచి గిద్దలూరు పోయే దారికి కాస్త లోపలగా ఉంటుంది మా పల్లె. ఉన్న ఇళ్లన్నీ ఒక్క చర్చికి చెందినవే. కందులు ఇంటికి చేరాక, ఎండలు ముదరకముందే ఒక ఆదివారం చూసుకుని కోత పండుగ పెడతారు. ఎవరి చేలో పండింది వాళ్లు తెస్తారు. కందులు, సజ్జలు, శనగలు, మిరపకాయలు, సొరకాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, ఒక్కో ఏడాది మేకపిల్ల. ఆరాధన అయ్యాక వాటిని బల్ల మీద పెట్టి వేలం పాట నడుపుతారు. వచ్చిన డబ్బు సంఘానిది.

పాట నడిపేది మా నాయన. సంఘానికి ట్రెజరరు కూడా ఆయనే. ఆయన గొంతుకు మైకు పెట్టడం దండగ. గుమ్మడికాయను రెండు చేతులా ఎత్తి, "ఇది కాయ కాదు, ఆశీర్వాదం" అనేవాడు. అంటూనే, ఏ రెండిళ్లకు పడదో వాళ్లిద్దరి ముఖాలూ చూసేవాడు. ఒకరు వంద అంటే ఇంకొకరు నూటయాభై అనాలి. అనకపోతే ఆ సంవత్సరమంతా తల ఎత్తుకోలేరు. గెలిచినవాడు కాయను చంకన పెట్టుకుని ఇంటికి పోతే పరువు తక్కువ. "దేవుడికే తిరిగి ఇస్తున్నా" అని మళ్లీ బల్ల మీద పెట్టాలి. మళ్లీ పాట. ఇంతకీ జేబులో డబ్బుండాల్సిన పని లేదు. "వచ్చే కోతకు ఇస్తా" అంటే చాలు. దేవుని ముందు చెప్పిన మాట గదా, ఎక్కడికి పోతుంది?

నేను మార్కాపురంలో ఆడపిల్లల హాస్టలుకు వార్డెనుని. పప్పు, నూనె, గుడ్లు ఎంతలో అయిపోతాయో రోజూ చూసుకునేదాన్ని. అందుకని ఆ పాట చూస్తే నాకు నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది. ఒళ్లు మండడం నాకు కొత్తేమీ కాదు. చారులో ఉప్పు తక్కువైనా పోట్లాడే రకమని మా అమ్మే అంటుంది.

అదే పండుగలో పాటకు పెట్టని వస్తువు ఒకటుంది. దాన్ని పరిగె గంప అంటారు.

చేను కోశాక నేల మీద రాలిపోయినవాటిని పరిగె అంటాం. దాన్ని చేనుగలవాడు ఏరుకోకూడదు, బీదలకు విడిచిపెట్టాలని బైబిలు వాక్యం. ఆ వాక్యం మొదట విన్న రోజుల్లో మా ముసలివాళ్లలో చాలామందికి చేనే లేదు. కూలికి పోయి తెచ్చుకున్న గింజలే. చేను లేనివాడు పరిగె ఎక్కడ విడుస్తాడు? ఆలోచించి ఆలోచించి వాళ్లు ఒక వెదురు గంప తెచ్చి చర్చిలో బల్ల పక్కన పెట్టారు. బల్ల మీద ఏం పెట్టినా పెట్టకపోయినా, ప్రతి ఇల్లూ ఆ గంపలో ఒక దోసెడు గింజలు పోయాలి. ఆ గంప ఆ ఏడాది ఎవరింట్లో లోటుంటే వాళ్లది.

అది ఇచ్చే పద్ధతి ఇంకెక్కడా ఉండదనుకుంటాను. ఆరాధన, పాట అయ్యాక గంపను ముందు వరండాలో పెట్టి, అందరూ చర్చి వెనక్కి భోజనానికి పోతారు. వేరే ఊళ్లలో బంతులు ఎదురెదురుగా వేస్తారు. మా దగ్గర అన్ని బంతులూ ఒకటే వైపు. నల్లమల కొండకు ముఖం, చర్చికి వీపు. కొత్తగా వచ్చిన అల్లుళ్లు, ముందరివాడి వీపు చూస్తూ అన్నం తినడమేందని బిత్తరపోతారు. అందరూ అట్లా కూర్చుని తింటున్నప్పుడు, లోటున్న ఇంటివాళ్లు లేచి పోయి గంప ఎత్తుకుంటారు. గింజలు ఇంట్లో పోసుకుని, ఖాళీ గంపను తెచ్చి వరండా మెట్టు మీద బోర్లిస్తారు. రెండిళ్లలో లోటుంటే మొదట వచ్చినవాళ్లు సగం ఉంచి పోతారట. పాస్టరు అయ్యగారు ముగింపు ప్రార్థన చేసేదాకా బంతిలోంచి ఇంకెవరూ లేవరు. వెనక్కి తిరిగి చూడరు. ఎవరు బంతిలో లేరో అడగరు. ఇదే నియమం. ఇది ఎక్కడా రాసి లేదు.

చిన్నప్పుడు ఒకసారి నేను మెడ తిప్పబోతే అమ్మ తొడపాశం పెట్టింది. ఇంటికొచ్చాక, "గంప ఎవరు తీసుకుపోతారమ్మా?" అని అడిగాను.

"దేవుడు."

"దేవుడికి కందులెందుకు?"

రెండో తొడా కమిలింది.

ఈ వయసులో తలుచుకుంటే ఎంత ఆశ్చర్యమేస్తుందో చెప్పలేను. మా పల్లెలో కోడి గుడ్డు పెట్టినా నాలుగిళ్లకు తెలియాల్సిందే. ఎవరింట్లో ఏం తాలింపు వేశారో వీధి చివరన చెప్పేస్తారు. అలాంటి నోళ్లు, అలాంటి కళ్లు, ఏడాదికి ఒక్క భోజనం సేపు మూసుకుని కూర్చుంటాయి. తరాలుగా. ఎవరూ కాపలా లేకుండానే.

అయినా గంప ఎవరికి పోతుందో నాకు తెలుసనే అనుకునేదాన్ని. చర్చికి ఎదురుగా రేకుల కొట్టంలో ఒక అవ్వ ఉంటుంది. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. రెండు మేకలు, వాగు పక్కన చిన్న పొలం చెక్క. ఆ చెక్కలో ఉలవలు తప్ప ఇంకేం వేసినా రావు. బోర్లు వచ్చాక పల్లెలో అందరూ ఉలవలు మానేశారు, ఇప్పుడు వేసేది ఆమె ఒక్కతే. పల్లె మొత్తంలో అంతకన్నా లేనివాళ్లు ఎవరుంటారు? గంప ఆమెదే అని నేను ఎప్పుడో తీర్మానించేసుకున్నాను.

ఇక గోపురం సంగతి. మా పాత చర్చి పెంకులది. వానొస్తే నాలుగు చోట్ల కారేది, అంతకు మించి దానికి రోగమేమీ లేదు. పక్క పల్లెవాళ్లు గోపురంతో చర్చి కట్టుకునేసరికి మావాళ్లకు నిద్ర పట్టలేదు. గిద్దలూరు రోడ్డు మీద పోయే బస్సుల్లోంచి కనబడాలన్నారు. సిలువ చుట్టూ రంగుల లైట్లన్నారు, మనిషెత్తు సౌండు బాక్సులన్నారు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.

డబ్బెక్కడిదంటే, ఉందన్నారు. పండుగ పాటల్లో జనం చెప్పిన మాటలన్నీ కూడితే పెద్ద మొత్తమే అయింది. పెద్దలు దాన్ని చేతికొచ్చిన డబ్బు కిందే లెక్కేశారు. గుమ్మడికాయ మీద చెప్పిన మాట, దాన్ని తిరిగి పెట్టాక చెప్పిన మాట, మళ్లీ పెట్టాక చెప్పిన మాట, అన్నీ వచ్చినట్టే లెక్క. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ లెక్క చూపించి గిద్దలూరులో ఒక ఫైనాన్సువాళ్ల దగ్గర అప్పు తెచ్చారు. ఇనుము, సిమెంటు శెట్టిగారి దుకాణంలో అరువు. ఫైనాన్సువాళ్లు ఎవరిదైనా పొలం హామీ కావాలన్నారు. నాయన మా పొలం కాగితాలు తీసుకుపోయి పెట్టాడు. అమ్మ మెడలో గొలుసు కూడా ఆ నెలలోనే కనబడకుండా పోయింది.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నాను. టీవీలో రాష్ట్రం అప్పుల మీద, దేశం అప్పుల మీద వాదులాట నడుస్తోంది. పుట్టబోయే బిడ్డ నెత్తిన కూడా అప్పుందని ఒకాయన బల్ల గుద్దుతున్నాడు. నాయన ముఖం వెలిగిపోయింది.

"విన్నావా? దేశమే అప్పు మీద నడస్తా ఉంది. ఢిల్లీవాళ్లకు లేని సిగ్గు మనకెందుకు? అప్పు లేకుండా ఎవురన్నా పెద్దపని చేసినారా?"

అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే, "వాళ్లకు నోట్లు అచ్చేసే మిషనుంది. నీకేముందయ్యా, గొంతు తప్ప?" అంది.

"దేవుడున్నాడు."

"దేవుడు నిన్ను గోపురం అడిగినాడా?"

నాయన టీవీ సౌండు పెంచాడు.

నాకు మాత్రం ఆ మాటలు గాలికి పోయేవి కావు. పైనెక్కడో ఖజానా ఖాళీ అయితే, కింద మా హాస్టలుకు సరుకుల బిల్లులు ఆగిపోతాయి. నేను దుకాణం ముందు నిలబడి పప్పు అరువు అడగాలి. అప్పు చేసేటప్పుడు అందరూ పెద్ద పెద్ద పనుల పేర్లు చెబుతారు. కట్టాల్సి వచ్చేసరికి ముందు పల్చబడేది పిల్లల చారు. నేను చదివిన అర్థశాస్త్రం ఇంతే. ఆ మాట చెబితే, "నువ్వు చదువుకున్నదానివి, నీకు విశ్వాసం తక్కువ" అని నాయన తేల్చిపారేశాడు.

గోపురం సగం పైగా లేచింది. లైట్లు వెలిగాయి. తర్వాత రెండేళ్లు వాన ముఖం చాటేసింది. కంది పూత మీదనే మాడిపోయింది. మా బోరు కొన్నాళ్లు బురద కక్కి ఊరుకుంది. పాటలో గట్టిగా అరిచినవాళ్లంతా మిరప కోతలకని గుంటూరు వైపు, మేస్త్రీ పనులకని హైదరాబాదు, బెంగళూరు వైపు పోయారు. వాళ్లు మోసగాళ్లు కారు. ఇస్తామన్నప్పుడు నిజంగా ఇద్దామనే అనుకున్నారు. ఆ మాటల మీద ఇటుకలు పేర్చడమే మావాళ్లు చేసిన తప్పు. ఫైనాన్సువాళ్లు మోటారుసైకిలు మీద వచ్చి మా అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టారు. నేను ఇంట్లోకని పంపిన డబ్బు తిన్నగా వడ్డీకి పోయేదని ఆలస్యంగా తెలిసింది. కూతురి సొమ్ము తినకూడదని నాయన పంతం. తినకుండా గోపురానికి తినిపించాడన్నమాట.

ఆ ఏడాది కోత పండుగకు ముందురోజు శనివారం నేను పల్లెకు పోయాను. అమ్మ స్టోరు బియ్యం వండి పచ్చిపులుసు చేసింది.

"పప్పు లేదేందమ్మా?"

"నీకు పప్పు పడదు గదా, గ్యాసు."

నాకు పప్పు పడదన్న సంగతి అప్పుడే మొదటిసారి విన్నాను. కందుల డ్రమ్ము మీద దుప్పట్లు మడతపెట్టి పేర్చి ఉన్నాయి. చలికాలం పోయింది, లోపల పెట్టేసిందనుకున్నాను.

కంచం కడిగి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పెద్దలు కూర్చున్న సంగతి అప్పుడు చెప్పింది. ఈ నెల కంతు కట్టకపోతే ఫైనాన్సువాళ్లు చర్చికి తాళం వేస్తామన్నారట. ఉన్నదంతా ఊడ్చినా చాలలేదట. చివరికి ఒకాయన, పరిగె గంపను కూడా పాటకు పెడదామన్నాడట.

"నిండు గంప, మంచి పాట వస్తది, ఈ ఒక్క ఏడే గదా అన్నారంట," అంది అమ్మ.

"నాయన ఏమన్నాడు?"

"ఏమీ అనలా. పాడించేది ఆయనే గదా."

నేను నాయన దగ్గరికి పోబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. ఆమె గొంతు చాలా చిన్నగా ఉంది.

"ఈ ఏడు గంప రాకపోతే ఒకింట్లో వండుకునేదానికీ గింజ లేదు, విత్తేదానికీ గింజ లేదు."

"ఎవరింట్లో?"

"అడక్కూడదని నీకు మళ్లీ చెప్పాల్నా? ఈ వయసులో కూడా తొడపాశం పెట్టాల్నా?"

నాకు ఎదురుగా రేకుల కొట్టం కనబడింది. అవ్వ మేకలకు నీళ్లు పెడుతోంది. ఇంక ఆగలేకపోయాను. నాయన పెరట్లో మంచం మీద కూర్చుని ఉంటే పోయి ఎదురుగా నిలబడ్డాను.

"గోపురం కోసం లేనోళ్ల నోటికాడి కూడు అమ్ముతారా నాయనా? ఇందుకేనా వాక్యం చదివేది?"

ఎప్పుడూ నా మాటకు ఆయన దగ్గర వెటకారం సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు లేదు.

"నాకు తెలీదా?" అన్నాడు. "అప్పు తీరకపోతే చర్చికి తాళం పడతది. తాళం పడిన చర్చిలో గంప యాడ పెడతారు? చెప్పు. నీకు తెలిస్తే చెప్పు."

ఆయన అడిగింది న్యాయంగానే ఉంది, అందుకే నాకు ఇంకా మండింది. ఎన్నడూ బక్కగా కనబడని మనిషి ఆ మంచం మీద బక్కగా కనబడ్డాడు.

మర్నాడు బల్ల నిండా పెట్టడానికి ఏమీ లేదు. నాలుగు కోళ్లు, కాసిని మిరపకాయలు, వాడిన సొరకాయలు, ఒక్క గుమ్మడికాయ. ప్రతి ఇల్లూ గంపలో దోసెడు పోసింది గానీ, దోసిళ్లు ఎప్పటికన్నా చిన్నవి. అవ్వ ఒక్కతే ఇంకా రాలేదు. నాయన కోళ్లతో మొదలుపెట్టాడు. సంత ధరకు అమ్ముడుపోయాయి, అంతే. గుమ్మడికాయ కూడా ఒక్కసారే అమ్ముడుపోయింది. వచ్చే కోతకు ఇస్తామనే ధైర్యం ఎవరికీ లేదు.

అప్పుడు నాయన వంగి గంపను రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టాడు. ఎన్నడూ బల్ల ఎక్కని గంప అది. ముందు వరసలో ఒక ముసలాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అయ్యగారు తల వంచుకున్నారు.

"పరిగె గంప," అన్నాడు నాయన. "ఈ ఒక్క ఏడే. సంఘం కోసం. ఎవురు పాడతారు?"

ఎవరూ పలకలేదు.

"వెయ్యి రూపాయలు. ఎవురన్నా వెయ్యి."

నాయనకు వరసకు బావమరిది ఒకాయన ఉన్నాడు, నాకు మామ. ప్రతి పాటలోనూ నాయన మాటకు ఎగబడి అరిచేది ఆయనే. నాయన ఆయన ముఖం చూశాడు. మామ తల ఎత్తి చర్చి పైకప్పు చూస్తున్నాడు.

"ఐదు వందలు."

లేదు.

"వంద."

లేదు.

మా నాయన పాటలో ధర కిందికి దిగడం నేను ఎప్పుడూ వినలేదు. యాభై అన్నాడు. పది అన్నాడు. ఆయన గొంతు జీరపోయింది. "ఒక్క రూపాయి," అన్నాడు చివరికి. "రూపాయికన్నా ఎవురో ఒకరు పాడండి."

రూపాయికి కూడా ఎవరూ నోరు విప్పలేదు.

వాళ్లు నాకు తెలిసిన జనమే. వాళ్ల డంబాలు తెలుసు, ఏడుపులు తెలుసు. పుచ్చిపోయిన సొరకాయకు కూడా పంతం కొద్దీ వందలు పాడినవాళ్లు. ఒక్కరు నోరు తెరిచి ఒక ధర అంటే చాలు, కంతులో ఎంతో కొంత తీరుతుంది, చర్చి నిలబడుతుంది. అది వాళ్లకూ తెలుసు. అయినా ఒక్కరూ అనలేదు. ముందే కూడబలుక్కున్నారా అంటే, లేదు, మా పల్లెలో ఆ పని ముగ్గురికి కూడా చేతకాదు. సగం కట్టిన ఆ గోపురం కింద, అప్పుల్లో మునిగిన వాళ్లంతా, అమ్మకూడనిది ఒకటుందని నోరు మూసుకుని కూర్చున్నారు. అంత పెద్ద ప్రార్థన నేను ఇంకెప్పుడూ వినలేదు.

అప్పుడు తలుపు దగ్గర నుంచి అవ్వ వచ్చింది. కొంగు చివర మూట కట్టి ఉంది. మేకలు కట్టేసి వచ్చేసరికి ఆలస్యమైనట్టుంది. మెల్లగా మధ్యలోంచి నడిచి బల్ల దగ్గరికి వచ్చింది. గంప బల్ల మీదుంది, ఆమె పొట్టి మనిషి. చెయ్యి ఎత్తి చూసింది, అందలేదు.

"కిందికి దించు నాయనా," అంది. "నా దోసెడు పొయ్యాల."

నాయన కదల్లేదు.

"దించు. పైన పెడితే మాబోటోళ్లకు అందదు."

నాయన గంపను దించి నేల మీద పెట్టాడు. అవ్వ కొంగు ముడి విప్పి, ఉలవలు దోసిట్లో పట్టి గంపలో పోసింది. ఒక్క గింజ పక్కన పడితే వంగి తీసి అది కూడా వేసింది. తర్వాత నడుం పట్టుకుని లేస్తూ, మేకల ధర చెబుతున్నంత మామూలుగా అంది: "దీన్ని అమ్మేదానికి మనకెవురికీ హక్కు లేదు నాయనా. తీసుకునేదానికి అందురికీ ఉంది."

నాయన గంపను మళ్లీ ఎత్తలేదు.

ముందు మా మామ పెళ్లాం లేచింది. తను కొన్న గుమ్మడికాయ తెచ్చి గంపలో పెట్టింది. తర్వాత ఇంకొకావిడ మిరపకాయలు తెచ్చింది. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చి, సంచుల అడుగున మిగిలిన గింజలు కూడా దులిపారు. నాయన పక్కన నిలబడి చూస్తున్నాడు. కాసేపటికి ఆయనే గంపను ఎత్తుకుని పోయి వరండాలో పెట్టి వచ్చాడు. కంతు సంగతి ఎవరూ ఎత్తలేదు. అయ్యగారు ప్రార్థన చేశారు, అందరం వెనక్కి పోయాం.

కొండకు ముఖం పెట్టి బంతుల్లో కూర్చున్నాం. ఆ ఏడాది మాంసం లేదు. అన్నం, వంకాయ కూర, పల్చటి పప్పుచారు. నాకు ఒక పక్క అమ్మ కూర్చుంది. రెండో పక్కకు అవ్వ వచ్చి చతికిలబడింది. విస్తరి సర్దుకుని, నీళ్లు చిలకరించి, అన్నం కలుపుకుని తినడం మొదలుపెట్టింది.

నా చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది. అవ్వ ఇక్కడే ఉంటే గంప ఎవరిది?

మెడ తిప్పలేదు. మెడ తిప్పాల్సిన పని లేకపోయింది. ఎందుకంటే ప్రతి ఏడాదీ చారు బకెట్టు పట్టుకుని, "ఇంకో గరిటె, ఇంకో గరిటె" అని బంతులన్నీ అదిరేలా తిరిగే మనిషి ఆ రోజు వినబడలేదు. చారు మామ వడ్డిస్తున్నాడు. పాటల్లో నాయనను వెక్కిరించే అవకాశం ఏనాడూ పోనివ్వని మామ, బకెట్టు పట్టుకుని, కళ్లు విస్తళ్ల మీదనే పెట్టుకుని, మా ముందు నుంచి పోయాడు. ట్రెజరరు ఏడీ అని ఎవరూ అనలేదు. పల్లెలో అందరికన్నా పెద్ద గొంతు లేకపోతే ఆ లోటు చెవిటివాడికైనా తెలుస్తుంది. అయినా ఒక్కరూ అనలేదు. బంతి చివర మామ ఒక విస్తట్లో అన్నం, కూర పెట్టి, దాని మీద ఇంకో విస్తరి మూత పెట్టడం నేను చూశాను. చూసి, చూడనట్టు కొండ వైపు తిరిగాను.

పప్పు లేని పచ్చిపులుసు, ఖాళీ డ్రమ్ము మీద దుప్పట్లు, గుమ్మంలో అమ్మ చిన్న గొంతు, అన్నీ అప్పుడు నాకు అర్థమయ్యాయి. నిన్న మంచం మీద ఆయన్ని నిలదీశానే, ఆ నోటికాడి కూడు ఆయన నోటికాడిదే. తన ఇంటికి దిక్కుగా ఉన్న ఒక్క గంపను సంఘం కోసం తనే బల్ల మీద పెట్టి, రూపాయికైనా కొనమని అడిగాడు.

అమ్మ చెయ్యి నా తొడ మీద పడింది. పాశం పెట్టడానికి కాదు. ఊరికే అట్లా పెట్టి ఉంచింది. నాకు ఏడుపొచ్చింది. ఎంతెంత మనుషుల మధ్య పుట్టానో, ఇన్నాళ్లూ ఎవరిని చూసి నవ్వుకున్నానో ఆ బంతిలో తెలిసింది. అవ్వ నా వైపు చూడకుండానే, "చారులో కారం ఎక్కువైనట్టుంది గదమ్మా," అని తన నీళ్ల గ్లాసు నా ముందుకు జరిపింది.

లేచి ముందుకు వచ్చేసరికి గంప మెట్టు మీద బోర్లించి ఉంది.

అప్పు ఇంకా ఉంది. గోపురం అక్కడితో ఆపేశారు. సౌండు బాక్సులూ రంగుల లైట్లూ, వాటిని అమర్చిన గిద్దలూరు సాయిబు గారే వచ్చి, మంచి ధర కట్టి వెనక్కి తీసుకున్నారు. తనకు రావాల్సిన కూలి మాత్రం ఎత్తలేదు. ఆ డబ్బుతో ఆ నెల కంతు కట్టారు, తాళం పడలేదు. ఊళ్లు పట్టిపోయినవాళ్లు ఎప్పుడెప్పుడో పాడిన గుమ్మడికాయల డబ్బు ఫోన్లలో కొద్దికొద్దిగా పంపుతున్నారు. మా పొలం కాగితాలు ఇంకా ఇంటికి రాలేదు. కోత పండుగలో ఇప్పుడు చేతిలో డబ్బుంటేనే పాట. పూత లేని గోపురంలో పావురాలు కాపురం పెట్టాయి. బస్సుల్లోంచి కనబడుతూనే ఉంటుంది, దాన్ని చూసి ఎవరూ గర్వపడరు, ఎవరూ సిగ్గుపడరు కూడా.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ ఆదివారం సాయంత్రం నేను మార్కాపురం బస్సుకు పోకుండా ఇంట్లోనే ఉండిపోయాను. డ్రమ్ము మీది దుప్పట్లు కింద ఉన్నాయి. అమ్మ వాకిట్లో చాప పరిచి, చేటలో గింజలు పోసుకుని కూర్చుంది. కందులు, సజ్జలు, శనగలు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఎక్కడివని నేను అడగలేదు. ఎదురుగా కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. కాసేపటికి నాయన వచ్చి మా ఇద్దరి మధ్య గొంతుక్కూర్చుని తనూ ఒక చేట ముందుకు లాక్కున్నాడు. ఆయన గింజలు ఏరడం నేను పుట్టాక చూడలేదు. కందులు ఒక పక్కకు, శనగలు ఒక పక్కకు తోస్తున్నాడు.

ఉన్నట్టుండి ఆయన వేలు ఆగింది. చేటలో అక్కడక్కడా ఉలవలు ఉన్నాయి. మా పల్లెలో ఉలవలు ఎవరివో ఎవరినీ అడగక్కర్లేదు. ఆయన ఒక్కొక్కటీ ఏరి ఎడమ అరచేతిలో వేసుకోవడం మొదలుపెట్టాడు. చేట అడుగుదాకా వెతికాడు. అమ్మ చేటలోవి కూడా అడిగి తీసుకున్నాడు. పొద్దు కుంకేసరికి ఆయన చేతిలో గుప్పెడు ఉలవలు పోగయ్యాయి.

"ఇటియ్యి," అని అమ్మ చెయ్యి చాపింది. "రేపు చారు కాస్తా."

నాయన పిడికిలి మూశాడు. గొంతు ఇంకా జీరగానే ఉంది.

"వద్దు. ఇవి వండొద్దు. విత్తనానికి పెట్టు. వచ్చేయేడు గంపలో మనం పొయ్యాల్సిన దోసెడు ఇవే."